అంతర్జాతీయ పాఠశాలలు – తల్లిదండ్రులు చేయవలసిన విచారణ

సంక్రాంతి పండుగ దాటకమునుపే హైదరాబాదు నగరమున రాబోవు సంవత్సరపు బడిప్రవేశములను గూర్చిన హడావుడి మొదలగును. గచ్చిబౌలి, కోకాపేట, నార్సింగి, గండిపేట, మోకిల మున్నగు తావులయందు, ఒక తరము క్రిందట చెలకలును రాతిగుట్టలును ఉన్నచోట, నేడు ఈతకొలనులతోను అద్దపుటద్దముల గోడలతోను అంతర్జాతీయ పాఠశాలలని పేరుపెట్టుకొన్న భవనములు లేచినవి. విశాఖపట్టణమునను, విజయవాడ గుంటూరుల నడుమను ఇదియే తీరు. మూడేండ్లు నిండని బిడ్డను చంకనెత్తుకొని తల్లిదండ్రులు ఆ ద్వారములచెంత నిలుచుచున్నారు. వారు ధనమదముచేత చేయు పని యిదియని కొందరు నిందింతురు. మేమట్లనజాలము. వారిలో పెక్కుమంది ఇంటి అప్పునకు నెలనెల వాయిదాలు గట్టుచు, తమకు దొరకని చదువు బిడ్డకైనను దొరకవలెనని తహతహలాడువారే. కావున ఈ విషయమును ఎగతాళిచేసి విడువక, వ్యవహారపు కాగితమును చదివినట్లు మొదటినుండి తుదివరకు చదువదలచితిమి.

వారిని ఆ ద్వారమునకు నడిపించుచున్నది ఆశకంటె ఎక్కువగా భయము. ఆ భయము నిష్కారణమైనది కాదు. ఆరవ తరగతినుండియే ఐ.ఐ.టి. పునాదియని పేరుపెట్టి, ఆటస్థలము లేని మేడలలో బాలురను తెల్లవారుజామునుండి రాత్రి పొద్దుపోవువరకు కూర్చుండబెట్టి, ర్యాంకులు వచ్చిన నలుగురి బొమ్మలను పత్రికలలో అచ్చువేయించి, రానివారి సంగతి మరచిపోవు విద్యావ్యాపారము మన తెలుగువారు కనిపెట్టి దేశమునకు నేర్పినదే. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములు తప్పులతో వెలువడినప్పుడు, కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ వార్తలు చదివిన తండ్రి తన బిడ్డను ఆ గానుగకు కట్టనని తీర్మానించుకొనుట తప్పుకాదు. ఒక గానుగనుండి తప్పించుకొనుటకు పరుగెత్తువాడు ఎదుట తెరచియున్న వాకిలి ఎవరిదో చూచుకొనడు. మా విన్నపమంతయు ఆ వాకిలిని గూర్చియే.

అంతర్జాతీయ పాఠశాలయనగా నేమి? ఈ మాటకు ఒక చరిత్ర యున్నది. మొదటి మహాయుద్ధము ముగిసి నానాజాతిసమితి జెనీవా నగరమున వెలసినప్పుడు, నానాదేశములనుండి అచటికి వచ్చిన ఉద్యోగుల పిల్లలకొరకు 1924లో అచట ఒక పాఠశాల స్థాపితమైనది. తండ్రి ఉద్యోగము ఏ దేశమునకు మారినను బిడ్డ చదువు తెగిపోకుండుటకై ఒక సామాన్యమైన పరీక్ష కావలసివచ్చెను. ఆ అవసరమునుండియే 1968లో, ఆ జెనీవాలోనే, ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ పుట్టినది. మన దేశమున ఈ పద్ధతిని మొదట చేపట్టినది కొడైకానలు పాఠశాల. అది 1901లో అమెరికా మిషనరీల పిల్లలకై ఏర్పడి, 1976లో ఈ పరీక్షకు అనుమతి పొందినది. మన పటాన్‌చెరువున 1972లో ఇక్రిశాట్ పరిశోధనాలయము నెలకొన్న పిదప, నానాదేశములనుండి వచ్చిన శాస్త్రజ్ఞుల పిల్లలకును ఇట్టి బడి అవసరమైనది. ఇంగ్లండు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారి ఐ.జి.సి.ఎస్.ఇ. పరీక్ష 1988లో ఆరంభమైనది. కావున పుట్టుకలో ఇవి దేశము విడిచి తిరుగువారి బిడ్డలకై వెలసిన బడులు. కాపురము నల్లగండ్లలో, ఉద్యోగము మాదాపురములో, తాతగారి యిల్లు తెనాలిలో ఉన్న బిడ్డకొరకు వెలసినవి కావు. అంతమాత్రముచేత ఆ బిడ్డకు పనికిరావనియు మేము చెప్పము. పుట్టుక యొకటి, ఉపయోగ మొకటి కావచ్చును.

అయితే పేరు వేరు, వస్తువు వేరు అయిన చోట మాత్రము జాగ్రత్త వలయును. వాకిట బోర్డుపై అంతర్జాతీయమని వ్రాసికొన్నంతమాత్రమున లోపలి చదువు అంతర్జాతీయము కాజాలదు. లోపల నడచుచున్నది సి.బి.ఎస్.ఇ. పాఠ్యక్రమమో, రాష్ట్రప్రభుత్వపు పాఠ్యక్రమమో అయియుండి, పైన మాత్రము భూగోళపు బొమ్మ వ్రేలాడు బడులు మన పట్టణములలో వీధికొకటి కలవు. ఆ పాఠ్యక్రమములు తక్కువవని మా భావము కాదు. ఆ చదువే చెప్పు బడి వేరొకటి ఇంటిప్రక్క సగము జీతమునకు దొరకునప్పుడు, తక్కిన సగము భూగోళపు బొమ్మకు చెల్లించుచున్నామని తండ్రి యెరుగవలెను. సి.బి.ఎస్.ఇ. వారును 2010లో అంతర్జాతీయ పాఠ్యక్రమమని ఒకటి ఆరంభించి 2017లో మానుకొనిరి. నడుమ చేరిన పిల్లలు మరల పాత దారికి మళ్లవలసివచ్చెను. నిజముగా బాకలారియేట్ నడపదలచిన బడి మొదట అభ్యర్థి పాఠశాలగా నుండి, పరిశీలనలు ముగిసిన తరువాతనే అనుమతి పొందును. అభ్యర్థికిని అనుమతి పొందినవానికిని ఎంత భేదమో, బి.ఎల్. చదువుచున్నవానికిని పట్టా పుచ్చుకొన్నవానికిని అంత భేదము. ఆ సంస్థవారి జాబితా ఎవరైనను చూచుకొనుటకు వీలుగా బహిరంగముగానే యున్నది. అందు బడి పేరు కలదా, కలిగినచో ఏ దశకు కలదు అనునది ప్రవేశపత్రముపై సంతకము చేయుటకు ముందే చూడవలసిన విషయము. చిన్నతరగతులకు అనుమతి యుండి పెద్దతరగతులకు లేని బడిలో బిడ్డను చేర్చినవాడు, పదియేండ్ల తరువాత మరల వీధిన పడును.

ఆ చదువులోని గుణమును గూర్చి న్యాయముగా చెప్పవలెనన్న, అది గొప్ప చదువే. డిప్లొమా దశలో విద్యార్థి ఆరు విషయములు చదువవలెను. కంఠపాఠముతో గట్టెక్కుట కుదరదు. నాలుగువేల మాటలకు లోబడి ఒక స్వతంత్రవ్యాసము వ్రాయవలెను. మనకు తెలిసినదని యనుకొనుచున్నది ఎట్లు తెలిసినదో విచారించు తర్కవిద్య యొకటి కలదు. బడి వెలుపల చేయు సేవయు లెక్కకు వచ్చును. ప్రశ్న అడిగిన బాలుని బల్లయెక్కించి నిలువబెట్టు మన అలవాటుతో పోల్చినచో, ఇది తక్కువ మేలు కాదు. మన ప్రభుత్వ పాఠశాలలును ఇందులో కొంతయైనను నేర్చుకొనిన బాగుండును.

కాని ఆ పదునెనిమిదేండ్ల పిల్లవాడు తరువాత ఎచటికి పోవును? విదేశమునకే యైనచో చిక్కులేదు. ఇచటనే వైద్యమో ఇంజనీరింగో చదువదలచినచో, మూడు సంగతులు ముందుగా తెలిసియుండవలెను. భారత విశ్వవిద్యాలయముల సంఘమువారు ఈ డిప్లొమాను ఇంటర్మీడియటుతో సమానముగా అంగీకరించుచున్నారు. కావున చెల్లదను భయము వలదు. కాని వైద్యప్రవేశమునకు భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును కావలెను. డిప్లొమా సాధారణ నిబంధనల ప్రకారము ప్రకృతిశాస్త్రములలో రెండింటికి మించి తీసికొనుట కుదరదు. మూడును కావలెనన్న ప్రత్యేకానుమతి పొందవలెను. ఈ సంగతి పదునొకండవ తరగతిలో తెలిసిన తండ్రికి గుండె ఆగినంత పని యగును. మరియు, మే నెలలో వ్రాసిన ఆ పరీక్షల ఫలితములు జూలై మొదటివారమునగాని వెలువడవు. అప్పటికి మన దేశమున ఇంజనీరింగు సీట్ల పంపకము నడచుచుండును. ఇక నీట్, జె.ఇ.ఇ. పరీక్షలు కోరునది వేగమును, అభ్యాసమును. డిప్లొమా కోరునది నిదానమును, ఆలోచనను. ఈ రెండింటిని ఒకే బిడ్డ నెత్తిన పెట్టి, పగలు ఈ బడియు సాయంకాలము ఆ కోచింగును జరిపించువారిని మేమెరుగుదుము. ఏ గానుగను తప్పించుకొనుటకు లక్షలు పోసిరో ఆ గానుగకే బిడ్డను రాత్రివేళ కట్టుచున్నారు.

లక్షలన్నాము గనుక లెక్క వేయుదము. తల్లిదండ్రులు సామాన్యముగా మొదటి యేటి రుసుమును మాత్రమే చూచి, కట్టగలమనుకొందురు. ఏటికి 5 లక్షలనియు, అది యేటేట నూటికి పది చొప్పున హెచ్చుననియు అనుకొందము. పండ్రెండవ యేట ఆ రుసుము 14 లక్షలు దాటును. పండ్రెండేండ్ల మొత్తము కోటి ఆరు లక్షలు మించును. ఇందులో బస్సు, భోజనము, దుస్తులు, విహారయాత్రలు, పరీక్షరుసుములు చేరలేదు. తండ్రి జీతము అదే వేగమున పెరుగునా, నడుమ ఉద్యోగము పోయినచో ఏమగును, రెండవ బిడ్డ సంగతి యేమి అను ప్రశ్నలు అశుభములని దాటవేయరాదు. ఎనిమిదవ తరగతిలో జీతము కట్టలేక బడి మార్చవలసివచ్చిన పిల్లవాని అవమానము ఏ లెక్కలోను చేరదు.

చట్టమేమి చెప్పుచున్నదో గూడ చూతము. 2002లో సుప్రీంకోర్టు పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము టి.ఎమ్.ఎ. పాయ్ కేసులో, ప్రైవేటు విద్యాసంస్థలు రుసుము నిర్ణయించుకొనవచ్చును, అభివృద్ధికై మితమైన మిగులు ఉంచుకొనవచ్చును, కాని లాభాపేక్షయు కాపిటేషను వసూలును కూడదని చెప్పినది. విద్యాహక్కు చట్టము 2009లో పుట్టి 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 13వ సెక్షను ప్రకారము కాపిటేషను పుచ్చుకొనరాదు. బిడ్డనుగాని తల్లిదండ్రులనుగాని పరీక్షించి ఏరుకొనరాదు. అట్లు పరీక్షించినచో మొదటి తప్పునకు 25 వేల వరకు జరిమానా. అయినను ముఖాముఖి యను పేరును పరిచయమని మార్చి, తండ్రి యుద్యోగమేమి, తల్లి ఆంగ్లము ఎట్లు మాట్లాడును అని చూచుట మానినవారు అరుదు. 2021 మే నెలలో, కరోనా దినములలో మూతబడిన రాజస్థానపు బడుల విషయమున, వాడని సౌకర్యములకు గాను నూటికి పదునైదు తగ్గింపుమని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. అడిగినవారికి న్యాయము కొంత దొరకుచున్నదని దీనివలన తెలియును. అడుగువారేరి? ప్రవేశపత్రము వెనుక సన్నని అక్షరములతో అచ్చువేసిన షరతులను చదువక సంతకము చేసి, బిడ్డను రెండవ నెలలో మాన్పించినపుడు డిపాజిటు రాలేదని మావంటివారి యొద్దకు వచ్చువారే ఎక్కువ. పదివేల రూకల అద్దెపత్రమును మూడుమారులు చదివించుకొను మనుష్యుడు, కోటి రూపాయల ఒడంబడికను నిలుచుండియే ముగించుట మాకెప్పుడును వింతగా తోచును.

ఇవి పగటిబడులు, వసతిగృహములు లేనివి. బిడ్డ సాయంకాలమునకు ఇల్లు చేరుట వీటివలని పెద్ద మేలు. అయితే ఇల్లు చేరునది ఎన్ని గంటలకు? కూకటిపల్లినుండి శంకరుపల్లి దారికి పోయి వచ్చు బస్సులో అయిదేండ్ల బిడ్డ ప్రొద్దుట ఒక గంట, సాయంకాలము ఒక గంటకు పైగా తూగుచు కూర్చుండును. ఏడాదికి రెండువందల దినములు అనుకొన్నను నాలుగువందల గంటలు బాటపాలు. బస్సు నడుపువాడెవరు, తోడు ఆయా యున్నదా అని అడుగుట చాదస్తము కాదు. 2014 జూలై 24న మెదకు జిల్లా మాసాయిపేటయొద్ద కాపలాలేని రైలుగేటున బడిబస్సును రైలు గుద్దిన దినమును మన రాష్ట్రము మరువరాదు. బడికి ఎంత పేరున్నను, నడచిపోగల దూరమున నున్న మంచి బడికి మేము ముందు మార్కు వేయుదుము.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాము. ఈ బడులలో తెలుగు గతి యేమి? తెలంగాణ శాసనసభ 2018లో చట్టము చేసి, ఒకటవ తరగతినుండి పదవ తరగతివరకు, ఏ బోర్డునకు చెందిన బడియైనను తెలుగు నేర్పవలెనని విధించినది. చట్టమున్నది గనుక పెక్కు బడులు వారమునకు రెండుమూడు గంటలు తెలుగునకు విదిలించుచున్నవి. ఆ గంటలో పంతులమ్మగారు అక్షరమాలను వ్రాయించుటతో సరి. తక్కిన దినమంతయు తెలుగు మాట నోట వచ్చినచో బిడ్డకు మందలింపు. ఏడవ తరగతి పిల్లవానికి తొంబదితొమ్మిదియన్న ఎంతయో తెలియదు. అమ్మమ్మ చెప్పు కథలోని హాస్యము వానికి అందదు. తాతగారి చేతివ్రాతలోని ఉత్తరము వానికి గ్రీకుశాసనము. ఇంటిలో ముగ్గురు తరములవారు ఒకే గదిలో కూర్చుండి ఒకరికొకరు పరదేశులగుచున్నారు.

ఇందులకు అంతర్జాతీయమను మాటను కారణముగా చెప్పుదురు. ఇది శుద్ధ అబద్ధము. ఆ బాకలారియేట్ సంస్థయే ప్రతి పాఠశాలకును వ్రాతమూలకమైన భాషావిధానము ఉండవలెనని నిర్బంధించుచున్నది. డిప్లొమాలో విద్యార్థి తన మొదటి భాషాసాహిత్యమును చదువుట ప్రధానాంగము. ఆ భాషకు ఉపాధ్యాయుడు లేనిచోట బడివారి సాయముతో విద్యార్థి స్వయముగా చదువుకొను మార్గమును గూడ వారే కల్పించిరి. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో 1953లోనే బిడ్డ తొలిచదువు తల్లిభాషలో నుండుట మేలని ప్రకటించినది. మన 2020 జాతీయ విద్యావిధానమును వీలైన చోట అయిదవ తరగతివరకైన ఇంటిభాషలో చదువు చెప్పుమన్నది. జెనీవావారు తల్లిభాషను గౌరవింపుమనుచుండగా మాదాపురమువారు సిగ్గుపడుచున్నారు. రవీంద్రనాథ ఠాకూరు 1921లో విశ్వభారతిని స్థాపించినపుడు పేరులోనే ప్రపంచమును నిలిపెను. ఆయన వంగభాషను గడప వెలుపల నిలువబెట్టలేదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు వకీలువృత్తిని విడిచి, తోడివారితో గూడి జాతీయకళాశాలను నెలకొల్పినది తెలుగుబిడ్డ చేతికి పనియు, నోటికి తన మాటయు ఇచ్చుటకే. ఆంగ్లము వలదని మేమనము. ఆంగ్లము లేనిదే నేడు పొట్టగడవదని మాకు తెలియును. రెండు భాషలు చక్కగా వచ్చిన పిల్లవానికి మూడవది సులువగును. ఏ భాషయు నిండుగా రానివానికి, నాలుగు భాషలలో వందనములు చెప్పుట వచ్చినను, ఆలోచించుటకు భాష మిగులదు.

2014 మే నెలలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము కర్ణాటక కేసులో, ప్రాథమికదశలో తల్లిభాషామాధ్యమమును ప్రభుత్వము బలవంతముగా రుద్దజాలదనియు, ఎన్నుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులదనియు తీర్పు చెప్పినది. స్వేచ్ఛ వారిదైనపుడు జవాబుదారియు వారిదే. బడివారు తెలుగు నేర్పుటలేదను తండ్రి, చేర్చునాడు తెలుగును గూర్చి ఒక్క మాటయైన అడిగెనా?

మరియొక మాట. ప్రపంచమంతటిని ఒక తరగతిగదిలో చూపుదుమను ఈ బడులలో, ప్రక్కవీధిలోని ఇస్త్రీవాని బిడ్డ కనబడడు. విద్యాహక్కు చట్టము 12వ సెక్షను, ప్రైవేటు బడుల మొదటి తరగతిలో నూటికి ఇరువదియైదు చోట్లు బీదలకును బలహీనవర్గములకును ఉచితముగా ఈయవలెనని శాసించినది. సుప్రీంకోర్టు 2012 ఏప్రిలులో దానిని నిలబెట్టినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్రవేశములు 2022 తరువాతనే కదలినవి. పండ్రెండేండ్లు ఒకే ఆదాయపు మెట్టుమీది పిల్లలతోనే పెరిగిన బాలుడు లండనులో మెలగగలడేమో కాని, తన ఊరి రైతుబజారులో మెలగజాలడు. వీనియన్నిటికంటె పెద్ద నష్టము వేరొకటి. ప్లీడరు, డాక్టరు, తహసీల్దారు తమ బిడ్డలను తీసికొనిపోయిన నాడే ప్రభుత్వపాఠశాల తన వకాల్తాదారులను పోగొట్టుకొన్నది. అచట పంతులు రాకపోయిన అడుగు గొంతుక లేదు. కొఠారీ సంఘము 1966లో అందరి బిడ్డలకును ఒకే పొరుగుబడి కావలెనని చెప్పినది. 2015 ఆగస్టులో అలహాబాదు హైకోర్టు, ప్రభుత్వజీతగాండ్రు తమ బిడ్డలను ప్రభుత్వబడికే పంపవలెనని ఉత్తరువు చేసినది. అది కాగితముమీదనే నిలిచినది. ఆ ఉత్తరువు న్యాయముగా నిలుచునా యను తర్కము మా వృత్తిలో చాలకాలము నడచినది. అందలి బాధ మాత్రము సత్యము.

ఉద్యోగరీత్యా దేశములు మారు కుటుంబమునకును, విదేశమునుండి నడుమ తరగతిలో తిరిగివచ్చిన బిడ్డకును, కలిమి నిలుకడగా నుండి పైచదువు వెలుపలనేయని నిశ్చయించుకొన్నవారికిని ఈ బడులు తగును. తక్కినవారు, అనగా ఈ పత్రిక చదువువారిలో నూటికి తొంబదిమంది, సాధారణమైన పాఠ్యక్రమముగల దగ్గరి బడిని ఎన్నుకొని, మిగిలిన ధనములో కొంత పుస్తకములకును కొంత బిడ్డతో చేయు ప్రయాణములకును వెచ్చించుట మేలని మా యభిప్రాయము. ఏ బడికి పోయినను, అలంకరించి ఆహ్వానించిన దినమున పోవలదు. మామూలు మంగళవారమున, చెప్పక, బడి విడుచు వేళ వాకిట నిలిచి, బయటికి వచ్చు పిల్లల ముఖములు చూడుడు. వారు ఏ భాషలో పోట్లాడుకొనుచున్నారో వినుడు. గడచిన మూడేండ్లలో ఎందరు ఉపాధ్యాయులు విడిచిపోయిరో, ఏటేట రుసుము ఎంత హెచ్చినదో, ఇరువదియైదవ వంతు కాదు, నూటికి ఇరువదియైదు చోట్లలో నేడు ఎందరు బాలురున్నారో కాగితముపై వ్రాసి యిమ్మని అడుగుడు. తెలుగు పంతులుగారిని చూపుమని కోరి, ఆయనకు లెక్కల పంతులుగారితో సమానముగా జీతమిచ్చుచున్నారా యని విచారింపుడు. ఈ ప్రశ్నలకు ముఖము చిట్లించు బడికి రుసుము కట్టవలసిన పని లేదు. అట్టి తల్లిదండ్రులు ఒక్కొక్క పేటలో పదిమంది కూడినను, రాబోవు జూన్‌నాటికి ఆ ప్రవేశపత్రముల వెనుకనున్న సన్నని అక్షరములు కొంత పెద్దవి కాగలవు.